బలం గోలీల కవర్లు

మంగళవారం వచ్చిందంటే నాకు ఇప్పటికీ జీపు వాసన తగుల్తది. డీజిలు, ఎండకు కాగిన రెగ్జిను సీటు, మందుల డబ్బాలు కట్టిన జనపతాడు, నర్సు టిఫిను గిన్నెలోని పల్లికారం, అన్నీ కలిసిన వాసన అది. ఉద్యోగంల ఎన్నో దవాఖానలు తిరిగిన. ఏసీ పెట్టిన మందుల స్టోర్లల్ల కూడా కూర్చున్న. యాదికి వచ్చేది మాత్రం ఆ జీపే.

నేను ఫార్మసిస్టును. ఊర్లల్ల నన్ను గోలీల సారు అనేటోళ్లు. మాది కరీంనగర్ దిక్కు మరమగ్గాలు నడిచే ఊరు. నౌకరి మాత్రం ఎక్కువ ఆదిలాబాద్ దిక్కే చేసిన. మనసు జబ్బుల వైద్యం పెద్ద దవాఖానల్లనే ఉంటే సరిపోదు, ఊర్లకు పోవాలె అని సర్కారు అనుకున్నప్పుడు మా దిక్కు ఒక బృందాన్ని ఇచ్చింది. బృందమంటే నలుగురం. ఒక డాక్టరు, ఒక నర్సు, నేను, జీపు డ్రైవరు. ప్రతి మంగళవారం ఉట్నూర్ దాటి, అడవి అంచున ఉన్న ఒక పెద్దూరికి పోయి ఓపీ చూసేటోళ్లం. ఆ ఊరి పేరు రాయను. అక్కడి మనుషులకు నా వల్ల అయిన నష్టం చాలు.

డాక్టరు కోస్తా దిక్కు మనిషి, ముప్పై దాటని వయసు. మొదటి నెల పేషెంట్లు చెప్పేది సగం అర్థం కాక తిప్పలు పడిండు. ఒక ముసలాయన వచ్చి కూర్చొని, "సారూ, బుగులైతుంది" అన్నడు.

"ఏమవుతుందీ?"

"బుగులు సారూ. పొద్దుగూకిందంటె బుగులు."

డాక్టరు నర్సు దిక్కు చూసిండు. ఆమె నవ్వు ఆపుకుంట, "భయం సార్. కాని ఉత్త భయం కాదు. కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టుంటది" అని చెప్పింది. డాక్టరు ఏదో ఇంగ్లీషు మాట రాయబోయి ఆగి, తెలుగులోనే 'బుగులు' అని రాసుకున్నడు. "మా పుస్తకాల్లో ఈ జబ్బుకి ఇంత మంచి పేరు లేదండీ" అన్నడు.

డ్రైవరుకు ఆ 'అండీ' పెద్ద తమాష. గుడిహత్నూర్ చౌరస్తల చాయ్ కాడ బండి ఆపి, "డాక్టర్ సాబ్ అండీ, దిగుండ్రి అండీ, చాయ్ సల్లారుతుంది అండీ" అనేటోడు. డాక్టరుకు కోపం వచ్చేది కాదు. "ఇన్ని అండీలు మా ఊళ్లో కూడా పెట్టరయ్యా" అని నవ్వేటోడు.

నర్సు హుజూరాబాద్ దిక్కు వ్యవసాయం ఇంటి బిడ్డ. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేటోడిని. పొద్దుగాల ఆరింటికే జొన్నరొట్టెలు చేసుకొని వచ్చేది. మా నలుగురికి సరిపోను, ఇంకో నాలుగు ఎక్కువ. ఆ ఎక్కువవి ఎవరికని ఒకనాడు అడిగిన. "పొద్దు పొడవకముందే ఇల్లు విడిచి నడిచి వచ్చెటోళ్లు ఉంటరన్నా. ఉత్తకడుపుతోని మనసుల మాట బయటికి రాదు" అన్నది. ఆమెకు తనవైన పద్ధతులు ఉండె. పేషెంటు కుర్చీని తలుపుకు దగ్గర వేసేది. లేచి పోవాలనిపిస్తే పోవచ్చని వాళ్లకు తెల్వాలెనట. చేతులు కట్టి తెచ్చిన మనిషితోని ఒక్క ముక్క మాట్లాడేది కాదు. "ముందు ఇప్పుండ్రి. కట్టేసిన మనిషి ఏం చెప్తడు?" అని తనే వంగి ముడి ఇప్పేది.

ఎండలు మొదలైతున్నయంటే దారి పొంట మోదుగులు పూసేటియి. వానకాలం ఒక వాగు అడ్డం వచ్చేది. నీళ్లు తగ్గేదాక జీపులనే కూర్చొని డ్రైవరు చెప్పే అబద్ధాలు వినేటోళ్లం. అతను చెప్పిన ప్రకారం ఆ అడవిల పులి అతని జీపుకు రెండుసార్లు పక్కకు జరిగి దారి ఇచ్చింది. దసరా దాటితే సీతాఫలాలు. తిరిగి వచ్చేటప్పుడు డాక్టరు గింజలు ఉమ్మిన కాయితం ఒడిల పెట్టుకొనే నిద్రపోయేటోడు. బ్రేకు పడితే ఆ గింజలన్నీ నా చెప్పుల మీద. ఇప్పుడు ఎవరన్న నా చెప్పుల మీద సీతాఫలం గింజలు పోస్తే బాగుండు అనిపిస్తది.

అక్కడ మాకిచ్చింది పాత పంచాయతి ఇల్లు. ఒకటే అర్ర, ఒకటే తలుపు. మూలకు నా బల్ల, బల్ల పక్కన వరండల దిక్కు ఒక కిటికీ. డాక్టరు చూసినంక జనం బయటికి పోయి ఆ కిటికీ ముందు లైను కట్టేటోళ్లు. గోలీలు అక్కడి నుంచి ఇచ్చేటోడిని.

నా తప్పు ఆ కిటికీ కాడనే మొదలైంది. మొదట అది తప్పు లెక్క కనపడలేదు, మంచితనం లెక్కనే కనపడ్డది.

ఒకామె గోలీల పట్టీ చేతుల పట్టుకొని కదలకుండ నిలబడ్డది. "సారూ, గీ చమ్కీ కాయితం దీసేసి ఇయ్యరాదు? మా ఊరి మందుల షాపాయన పట్టీ జూసిండంటె పిచ్చి గోలీలని గుర్తువడ్తడు. తెల్లారెవరకు ఊరంత తెలుస్తది."

తీసి ఇచ్చిన. వచ్చే వారం ఇంకో ఇద్దరు అడిగిండ్రు. ఆ తర్వాత అడగకముందే నేనే మొదలుపెట్టిన. పాత ఓపీ చిట్టీలను కత్తిరించి, మడిచి, అన్నం మెతుకుతోని అంటించి కవర్లు చేసేటోడిని. వాటి మీద పొద్దుటి గోలీకి ఒక సూర్యుడు, రాత్రి గోలీకి ఒక చంద్రుడు గీసేటోడిని. గోలీలు పట్టీల నుంచి ఒలిచి అందుల పోసి, "ఎవలన్న అడిగితె బలం గోలీలని చెప్పుండ్రి" అనేటోడిని.

ఆ మాట నాది కాదు, మా అవ్వది. మరమగ్గాలను మా దిక్కు సాంచెలంటం. నేను పదో తరగతిల ఉన్నప్పుడు చాలా నెలలు సాంచెలు బందై, బాపు మాట్లాడుడు బంద్ చేసిండు. గోడ దిక్కు మొకం పెట్టి పండుకునేటోడు. అన్నం ముందు పెడితే అన్నం దిక్కు చూసేటోడు, అంతే. అవ్వ ఆయనను బస్సు ఎక్కించి కరీంనగర్ తీస్కపోయి మనసు డాక్టరుకు చూపించింది. వాడకట్టు ఆడోళ్లు అడిగితే, "బలం గోలీలు అక్కా, సాంచె నడిపి నడిపి మనిషి ఉత్తగైండు" అని చెప్పేది. బాపు ఏడాదిన్నర గోలీలు మింగిండు. మల్ల సాంచె కాడికి పోయిండు. సాయంత్రం మీసాల మీద దూది నూగుతోని ఇంటికి వచ్చి "ఏం కూరనే?" అని అడిగిననాడు అవ్వ అర్రలకు పోయి ఏడ్చింది. మా ఇంట్ల ఆ అబద్ధం కూడా ఒక మందు లెక్కనే పని చేసింది. అందుకే అది చెప్పేటప్పుడు నాకు సిగ్గు అనిపించలేదు. అవ్వ పని చేస్తున్నట్టే ఉండె.

నర్సు ఒప్పుకోలేదు. జీపుల నా పక్కన కూర్చొని గట్టిగనే అన్నది. "అన్నా, లోపల నేను గంటసేపు చెప్పింది నువ్వు కిటికీ కాడ ఒక్క మాటతోని తుడిచేస్తున్నవ్. ఇది మనసు జబ్బు, మందు మధ్యల ఆపొద్దని నేనంట. నువ్వు బలం గోలీలంటవ్. వాళ్లు ఎవల మాట పట్టుకోవాలె?"

"నువ్వు నిజం చెప్పు చెల్లె. నేను ధైర్యం చెప్త" అన్న.

"శెభాష్ సారూ" అన్నడు డ్రైవరు. నా మాటకు నేనే మురిసిన. నర్సు రొట్టె డబ్బ మూత రెండుసార్లు తీసి పెట్టింది.

ఆ ఊర్ల ఒక పిండి గిర్ని ఉండె. దాన్ని నడిపేటోనికి ముప్పై లోపు వయసు. ఇంట్ల తల్లీ కొడుకు ఇద్దరే. అతనికి చెవులల్ల మాటలు వినపడేటియి. గిర్ని చప్పుడుల ఎవరో తనను తిడుతున్నరని మిషను ఆపి, జొన్నలు తెచ్చినోళ్ల మీద అరిచేటోడు. మా దగ్గర మందులు మొదలుపెట్టిన నాలుగు నెలలకు మనిషి మారిండు. పని మధ్యల లేచి వచ్చేటోడు, కనుబొమ్మల నిండ జొన్నపిండి. మాకు అదే గుర్తు. "పిండి ఉన్నదంటె పిలగాడు బాగున్నట్టే" అనేది నర్సు. ఒకసారి డాక్టరు అతని చీటీ చూపించిండు. నిజంగనే రాసి పెట్టుకున్నడు: కనుబొమ్మల మీద పిండి, బాగున్నాడు.

తల్లి మహారాష్ట్ర దిక్కు పుట్టిన మనిషి. కొడుకు ఆమెను ఆయి అనేటోడు, ఆమె నర్సును బాయి అనేది. ఒక మంగళవారం ఆమె నా కిటికీ చువ్వలు పట్టుకొని ఏడ్చింది. కొడుక్కు సంబంధం వచ్చిందట. పిల్ల దిక్కోళ్లు ఇల్లు చూడ వస్తున్నరు.

"గోలీలు జూసి అడిగితె ఏం జెప్పాలె సారూ? బాయి అయితె మనసు బీమారి, ఏండ్లకేండ్లు మింగాలె అంటది. ఏండ్లకేండ్లు అంటె పిల్లనెవలిస్తరు?"

ఆమె వెనుక లైను పెరుగుతుంది. "బలం గోలీలే అవ్వా. ఫికర్ వడకు" అన్న. ఆమె మొకం జర తేటగైంది. ఆ తేట చూసి ఇంకో మాట అన్న. "బలం వచ్చినంక గివి అక్కెర వడయి."

"సచ్చినా?" అని అడిగింది. నిజమేనా అని.

"నిజమే" అన్న.

ఆ ఒక్క మాట కోసం ఈ కథంత రాస్తున్న.

కొడుకు జొన్న బస్త రెండు చేతులతోని ఎత్తి గిర్ని నోట్ల పోస్తుంటె ఆమె చూసింది. బలం వచ్చింది. గోలీల సారు చెప్పినట్టే గోలీలు బంద్ చేసింది. అందుల ఆమె తెలివితక్కువతనం ఏమున్నది? నేను చెప్పిన మాటకు అదే సరైన లెక్క. నెలా నెలన్నర వాళ్లు ఓపీకి రాలేదు. పెండ్లి పనులల్ల ఉన్నరేమో అనుకున్నం.

ఆ తర్వాత ఒకనాడు మధ్యాహ్నం ముగ్గురు చుట్టాలు అతన్ని పట్టుకొచ్చిండ్రు, వెనుకనే తల్లి. చేతులు తువ్వాలతోని కట్టి ఉన్నయి. కనుబొమ్మల మీద పిండి లేదు. నర్సు కుర్చీల నుంచి లేచి ఎప్పటిలెక్కనే, "ముందు ఇప్పుండ్రి" అన్నది. తనే వంగి ముడి ఇప్పింది. అతను తలుపు దిక్కు తిరిగిండు. ఉన్నది ఒకటే తలుపు, ఆ తలుపు నిండ చుట్టాలు నిలబడ్డరు. బల్ల మీది స్టీలు ట్రే అతని చేతికి వచ్చింది. మొదటి దెబ్బ నర్సు కనుబొమ్మకు. రెండోసారి తోసేసరికి ఆమె గడప మీద చెయ్యి మోపి పడ్డది. మణికట్టు ఇరిగిన చప్పుడు నేను విన్న. నేను, డ్రైవరు కలిసి అతన్ని పట్టుకున్నం. అతను గోడకు ఆనుకొని వణుకుతుండు. అతను భయంతోని చేసిండని నాకు తెలుసు. కాని భయంతోని కొట్టినా దెబ్బ దెబ్బే. ఆ దెబ్బ తిన్నది ఆమె.

డాక్టరు అంత గట్టిగ అరవడం ఆనాడే చూసిన. రక్తం తుడుస్తూనే తల్లి దిక్కు తిరిగి, "మాత్రలు ఎవరు ఆపమన్నారమ్మా? చెప్పు, ఎవరు ఆపమన్నారు?" అని అడిగిండు.

ఆమె నా దిక్కు చూసింది. నేను బల్ల మీద కవర్లు సర్దుతున్న. అవి సర్దే ఉన్నయి. మల్ల సర్దిన.

"నేనే ఆపిన సారు" అన్నది ఆమె. "గల్తి నాదే."

చుట్టాలు ఆమె మీద పడ్డరు. "కొడుకు పెండ్లి పిచ్చిల కొడుకునే పాడుజేస్తివి గదనే" అన్నడు ఒకాయన. కిటికీ బయట లైను మొత్తం విన్నది. ఆనాటి నుంచి ఊర్ల ఆమెకు అదే పేరు అయింది, కొడుకు మందులు ఆపిన తల్లి.

తర్వాత మేమందరం నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నం. నేనూ పెట్టుకున్న. మేం అడిగింది న్యాయమే. అడవి అంచున ఒంటి తలుపు అర్రల ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి, పక్కన ఒక కాపలా మనిషిని కూడా ఇయ్యకపోవుడు అన్యాయమే. సర్కారు కదిలింది. దవాఖానల్ల గార్డులు వచ్చిండ్రు. సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే ఏం శిక్షనో పెద్ద అక్షరాల బోర్డులు వచ్చినయి. భద్రత లేని చోట ఓపీ పెట్టొద్దని మా మంగళవారం ఓపీ ఎత్తేసిండ్రు. పేషెంట్లు జిల్లా దవాఖానకే రావాలె.

విచారణకు వచ్చిన అధికారి మెత్తటి మనిషి. "మీరు అదే గదిలో ఉన్నారు కదా. మీకు తెలిసింది చెప్పండి" అన్నడు. నేను చెప్పింది ఒక్క వాక్యం. "పేషెంటు ఒక్కసారిగ దాడి చేసిండు." ఒక్కసారిగ కాదని, దాని వెనుక నా మాట ఉన్నదని నాకు, ఆ తల్లికే తెలుసు. దాని కింద సంతకం పెట్టిన.

ఎందుకు చెప్పలేదంటే భయం. నౌకరి పోతదని కాదు, మెమో ఇచ్చి వదిలిపెట్టేటోళ్లేమో. గోలీల సారు మంచోడు అన్న పేరు పోతదని భయం. బాపు ముచ్చట కూడా అప్పుడే అర్థమైంది. అవ్వ ఆ అబద్ధం వాడకట్టుకు చెప్పింది, బాపుకు చెప్పలేదు. తను ఏం మింగుతుండో, ఎందుకు మింగుతుండో బాపుకు తెలుసు. నేను ఆ అబద్ధాన్ని మందు మింగే ఇంటికే పంపిన.

నర్సు మణికట్టు అతికింది కాని వంకర పోలేదు. సొంత దిక్కుకు బదిలీ పెట్టుకున్నది. పోయేనాడు రొట్టెల డబ్బ నా బల్ల మీద పెట్టి, "మంగళవారం ఉత్తకడుపుతోని ఉండకన్నా" అన్నది. డాక్టరు పై చదువుకు పోయిండు. డ్రైవరు రిటైరైండు. నేను జిల్లా దవాఖాన కౌంటరుకు వచ్చిన. నెలకొకసారి ఆ తల్లి రెండు బస్సులు మారి కొడుకును తీసుకొని వచ్చేది. నా కౌంటరుకు వచ్చేది కాదు, పక్క కౌంటరుల నిలబడేది. ఎన్నేండ్లయినా ఒక్క నెల తప్పలేదు. కొడుకు నిమ్మళంగనే ఉండేటోడు, కాని కనుబొమ్మల మీద పిండి మల్ల ఎన్నడూ చూడలేదు. ఆ దిక్కు నుంచి వచ్చే ఇంకో పేషెంటును అడిగితే చెప్పిండు. "గిర్నికి ఎవలు వోతరు సారూ? నర్సునే గొట్టినోడు. గా తల్లి మల్ల ఎప్పుడు గోలీలు ఆపుతదో ఎవలకెరుక?"

ఈ మధ్య కొత్త ఉత్తర్వులు వచ్చినయి. ఊర్ల ఓపీలు మల్ల తెరవాలె. అర్రకు రెండు తలుపులు ఉండాలె, బల్ల కింద గంట ఉండాలె, కాపలా మనిషికి మనసు జబ్బుల గురించి చెప్పి మరీ పెట్టాలె. దెబ్బ తిన్న సిబ్బందికి కూడా కౌన్సెలింగు ఇయ్యాలె. వీటి మీద మా అందరికి కరీంనగర్‌ల ఒక శిక్షణ పెట్టిండ్రు. రిటైరయ్యే ముందు నేను పోయిన చివరి శిక్షణ అది. పోయేటప్పుడు ఎందుకో ఆ రొట్టెల డబ్బ సంచిల వేసుకున్న.

పాఠం చెప్పే వాళ్లల్ల మా నర్సు ఉన్నది. కనుబొమ్మ మీద చిన్న గీత. నన్ను చూసి, "అన్నా! జుట్టంత తెల్లగైంది గదా, మంగళవారాలన్ని నెత్తి మీదనే పెట్టుకున్నవా?" అని నవ్వింది. తర్వాత అందరికి ఒక కొత్త ఫారం పంచింది. దాడి జరిగితే నింపే ఫారం. పాత ఫారంల దాడి ఎట్ల జరిగింది అని మాత్రమే ఉండేది. దీంట్ల పైన ఇంకో గడి ఉన్నది: దాడికి ముందు ఏం జరిగింది? మీకు తెలిసిన ఒక పాత ఘటన మీద నింపి చూడుండ్రి అన్నది. అందరు రాస్తున్నరు. నా పెన్ను ఆ గడి మీద ఆగింది.

అన్నం తినేటప్పుడు ఆమె పక్కన కూర్చొని చెప్పిన. కిటికీ, కవరు, "బలం వచ్చినంక అక్కెర వడయి" అన్న మాట, విచారణల పెట్టిన సంతకం, అన్నీ. ఆమె పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

గిన్నె పక్కకు జరిపి అన్నది. "నేను తువ్వాల ఇప్పినందుకే అయిందనుకున్నన్నా. ఇన్నేండ్లు. అప్పటి సంది కట్టేసి తెచ్చిన మనిషిని జూస్తె చేతులు రావు నాకు. ఇప్పుండ్రి అని ఇంకొకలకు చెప్త, నేను ఇప్ప. ఆనాడు అందరొచ్చి ఎట్ల జరిగింది అని అడిగిండ్రు. ఎట్లున్నవ్ అని ఒక్కలు అడగలె. నువ్వు గూడ అడగలె."

"చెల్లె, నన్ను..." అని మొదలుపెట్టిన.

"మాఫీ ముచ్చట నాకు జెప్పకు" అన్నది. కోపంతోనే అన్నది. "నాకు జెప్పి నిమ్మళంగ ఇంటికి పోదామనుకున్నవా? నేను సదువుకున్నదాన్ని, జీతమున్నది, బదిలీ పెట్టుకొని బయటపడ్డ. ఆ ఆయి యాడికి పోతది? పొయ్యి ఆమెకు జెప్పు."

ఫారం నింపిన. ముందు ఏం జరిగింది అన్న గడి చాలక వెనుక కూడా రాసిన. ఆమె చదివింది, సంతకం చేసి పై అధికారికి ఇచ్చే కట్టల పెట్టింది. డబ్బ సంచిల నుంచి తీసి ముందు పెడితే, "ఉత్త డబ్బ ఇస్తవా? మీ ఇంట్ల జొన్నపిండి లేదా?" అన్నది. నవ్వలేదు. కాని డబ్బ తీసుకున్నది.

ఊరి ఓపీ మల్ల తెరిచిన మొదటి మంగళవారం అడిగి మరీ పోయిన. జీపు కాదు, తెల్ల వ్యాను. డ్రైవరు చెవులల్ల పాటలు పెట్టుకున్నడు, పులి ముచ్చట చెప్పేటోడు లేడు. గుడిహత్నూర్ చాయ్ కాడ ఒక్కన్నే దిగి తాగిన. పాత పంచాయతి ఇంటికి సున్నం వేసి, వెనుక గోడకు రెండో తలుపు కొట్టిండ్రు. ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డ. ఆనాడే ఉంటే అతను అందుల నుంచి పోయేటోడు.

తల్లి వచ్చింది, ఇంకా సన్నగైంది. కొడుకు వెనుక నిలబడ్డడు. నేను బల్ల విడిచి వరండలకు వచ్చి ఆమె పక్కన నిలబడి మెల్లగ చెప్పిన. "అవ్వా, ఆనాడు గల్తి నీది కాదు. బలం వచ్చినంక అక్కెర వడయని నేనే జెప్పిన. డాక్టరు సారు అడిగినప్పుడు నోరు మూస్కున్న."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "యాదున్నది నాకు" అన్నది. "నువ్వు జెప్పినవని నాకెరుకే. అయినా సదువుకున్న సారు అబద్దమెందుకు ఆడ్తడు, నేనే తప్పు ఇన్ననేమో అనుకున్న." మల్ల తనే, "మెల్లగ జెప్తున్నవెందుకు సారూ? నన్ను అన్నోళ్లు మెల్లగ అనలే" అన్నది.

లైనుల ఇరవై మంది దాకా ఉన్నరు. ఆనాడు ఉన్నోళ్లు కూడా కొందరు ఉన్నరు. "కొడుకు పెండ్లి పిచ్చిల" అన్న చుట్టం కూడా ఉన్నడు, ముసలోడైండు. లైను దిక్కు తిరిగి గట్టిగ చెప్పిన. "అందరు ఇనుండ్రి. ఈమె మందులు సొంతంగ ఆపలే. నేను ఆపమన్నట్టు జెప్పిన. అబద్దం జెప్పిన. అవి బలం గోలీలు కావు, మనసు జబ్బు గోలీలు. ఈయన నర్సును కొట్టే దాక తెచ్చింది నా మాట. ఈమె ఆనాటి నుంచి ఒక్క నెల తప్పకుండ మందు ఇప్పించింది. నేను మా రిజిస్టర్ల చూసిన."

"సర్కారు నౌకరి, ఎట్ల జెప్తె గట్ల నడుస్తది" అని వెనుక నుంచి ఒకాయన అన్నడు. అది నాకు తగిన మాటే. చుట్టం తల తువ్వాల తీసి మల్ల చుట్టుకున్నడు. కొడుకు నా దిక్కు చూడలేదు. తల్లి మోచేతిని పట్టుకొని నిలబడ్డడు.

కిటికీ కాడికి తిరిగి పోయి అతని గోలీలు పట్టీతోనే ఇచ్చిన. ఆమె చువ్వల నుంచి చెయ్యి పెట్టి, "మీద ఏం రాసున్నది? సదువు" అన్నది. చదివిన. "ఇప్పుడు ఎందుకు మింగాలెనో జెప్పు." చెప్పిన. "ఎప్పటిదాక?" డాక్టరు ఆపమనేదాక అని చెప్పిన. ఆమె వెనక్కి తిరిగి లైనును ఒకసారి చూసింది, విన్నరా అన్నట్టు.

లైనుల మూడో మనిషి, ముక్కుపుల్ల పెట్టుకున్న ఒకామె, అడిగింది. "ఆయీ, అయితె మీ గిర్ని నడుస్తదా? గా పక్కూరికి మోస్కవోవుడు కష్టమైతుంది."

తల్లి కొడుకు దిక్కు తిరిగింది. కొడుకు చెప్పిండు. ఇన్నేండ్లల్ల అతని గొంతు నేను విన్నది అప్పుడే.

"మిషను పట్ట ఎలుకలు గొరికినయి. మార్వాలె" అన్నడు. "వారం పడ్తది."